ముప్పై మందికి బీన్స్ వేపుడు: వడ్డించే దాకా పచ్చగా ఉండాలంటే?

పందిరినీడ
శనివారం, ఉదయం 10.20

వచ్చే ఆదివారం మా పెద్దమ్మగారింట్లో విందు. ముప్పై మందిమి చేరుతున్నాం, ఒక్కొక్కరం ఒక్కో వంటకం పట్టుకెళ్లాలి. నా వంతుకు బీన్స్ వచ్చింది. "ఉడికించి వేయించడమే కదా, అదెంత పని" అని మాటిచ్చేశాను. నిన్న రెండు కిలోలతో చేసి చూస్తే ఎంత పనో తెలిసింది.

ఇంట్లో ఉన్న గిన్నెల్లో పెద్దదాన్ని పొయ్యి మీద పెట్టి, నీళ్లు తెర్లగానే రెండు కిలోలూ ఒక్కసారి గుమ్మరించాను. మరుగు ఠక్కున ఆగిపోయింది. మూత పెట్టాను. మళ్లీ పొంగు రావడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. వార్చి చూస్తే అడుగువి పిప్పి, పైవి పచ్చి. రంగు మాత్రం అన్నిటిదీ ఒకటే, ఎండిన నాచు రంగు. మా ఆయన రెండు ముక్కలు తిని "రుచి బాగానే ఉంది" అన్నారు. ఆ "బాగానే" ఎలా పలికారో పెళ్లయినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

పెద్దమ్మగారిల్లు కారులో నలభై నిమిషాల దూరం. అక్కడ పొయ్యి దొరుకుతుంది కానీ పది నిమిషాలకు మించి దొరకదు. ఏం చేయమంటారు?


మూకుడు మామ
శనివారం, ఉదయం 11.05

అమ్మా, తప్పు కాయలది కాదు, నీళ్లది. అయిదు లీటర్ల నీళ్లకు అరకిలో కాయలు, అంతకు మించి వేయకూడదు. వేసిన నిమిషంలోపు మళ్లీ పొంగు రావాలి. రాలేదంటే ఎక్కువ వేశామని లెక్క. మూడు కిలోలైతే ఆరు వాయిలు పడుతుంది. అవే నీళ్లు, మధ్యలో తరిగినప్పుడు మరో చెంబు మరిగే నీళ్లు కలుపుకుంటే చాలు.

లీటరుకు రెండు చెంచాల ఉప్పు. నాలుక మీద వేసుకుంటే ఉప్పగా తెలియాలి. తర్వాత పైన చల్లే ఉప్పు కాయ లోపలికి పోదు, ఈ నాలుగు నిమిషాల్లో పోయిందే లోపలి ఉప్పు.

మూత జోలికి వెళ్లకండి.


వంకాయ తొడిమ
శనివారం, ఉదయం 11.40

ఆరు వాయిలా? అందరూ తినేసరికి మనం పొయ్యి దగ్గరే ఆరిపోతాం. చిటికెడు వంటసోడా వేయండి. ఎంత ఉడికినా చిలకపచ్చగా ఉంటాయి. నేను ఎప్పుడూ అంతే.


లిట్మస్
శనివారం, మధ్యాహ్నం 1.15

తొడిమగారూ, రంగు ఉంటుంది నిజమే, కాయ ఉండదు. ముప్పై ఏళ్లు పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పిన నోరు, ఊరుకోదు కాబట్టి కాస్త భరించండి.

ఆకుపచ్చ రంగు పత్రహరితానిది. ఆ అణువు నడిమధ్యన ఒక మెగ్నీషియం అయాన్ కూర్చుని ఉంటుంది. కాయ వేడెక్కినప్పుడు కణాల్లోని ఆమ్లాలు బయటపడి ఆ మెగ్నీషియాన్ని లేపేసి, ఆ చోట హైడ్రోజన్‌ను కూర్చోబెడతాయి. అలా తయారైన పదార్థం పేరు ఫియోఫైటిన్. పందిరినీడగారు చెప్పిన ఎండిన నాచు రంగు దానిదే. ఇదంతా ఒక్క క్షణంలో జరగదు. నీళ్లు బాగా మరుగుతుంటే అయిదారు నిమిషాల దాకా రంగు నిలుస్తుంది, ఆ తర్వాతే దిగడం మొదలవుతుంది. మూత తీసి ఉంచితే ఆమ్లాల్లో ఆవిరయ్యేవి ఆవిరితో పాటే పోతాయి. మూత పెడితే అవే చుక్కలై మళ్లీ గిన్నెలో పడతాయి.

సోడా ఆమ్లాన్ని చంపుతుంది, అందుకే రంగు నిలుస్తుంది. అదే సోడా కాయ గోడలను కట్టి ఉంచే హెమీసెల్యులోజ్‌ను కూడా కరిగిస్తుంది. పైకి చిలకపచ్చ, పట్టుకుంటే జావ. విటమిన్ సి, బి1 కూడా క్షారానికి నిలవవు. చేతిలో నాలుగు నిమిషాల దారి ఉండగా సోడా దేనికి?

కాయలు నీళ్లలో పడిన అరనిమిషానికి రంగు ఒక్కసారి మెరుస్తుంది, గమనించారా? కణాల మధ్య ఉన్న గాలి బయటికి పోవడం వల్ల లోపలి పచ్చదనం మసక లేకుండా కనిపిస్తుంది. నాకు వంటలో అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం అది.


కరకర
శనివారం, మధ్యాహ్నం 3.30

పచ్చదనం పిచ్చిలో పడి సగం పచ్చి కాయలు పెట్టేవాళ్లంటే నాకు భయం. పళ్ల కింద కీచుమంటే ఆ కాయ ఉడకలేదనే అర్థం. విందుకు పెద్దవాళ్లు కూడా వస్తారు కదా.

ఇంకో మాట, బీన్స్ పచ్చిగా తినే కాయ కాదు. ఇందులో లెక్టిన్ ఉంటుంది, కడుపు పాడు చేస్తుంది. మరిగే నీళ్లలో ఉడికితే పోతుంది. ఎండు రాజ్మాలో ఇది మరీ ఎక్కువ, రెండూ ఒకే జాతి మొక్కకు కాసినవే. కాబట్టి "లేతగా ఉన్నాయి, అలాగే సలాడ్‌లో కలిపేద్దాం" అని ఎవరైనా అంటే వద్దనండి.


మూకుడు మామ
శనివారం, సాయంత్రం 4.10

కరకరగారు చెప్పింది నిజం. గడియారాన్ని నమ్మకండి. సన్నవైతే నాలుగు నిమిషాలు, లావువైతే ఆరు. మూడో నిమిషం నుంచి ఒక్కొక్కటి తీసి కొరికి చూడడమే. కొరికితే మెత్తగా తెగాలి, కానీ రెండు కొసలూ పట్టి వంచితే వేలాడిపోకూడదు. తర్వాత మూకుట్లో ఇంకో రెండు మూడు నిమిషాలు వేడి తగులుతుంది, దాన్ని కూడా లెక్కలో వేసుకోండి.


పందిరినీడ
శనివారం, రాత్రి 8.45

మరి ముప్పై మందికి ఎన్ని కిలోలు? ఉడికినవాటిని ఐస్ నీళ్లలో వేయాలని ఎక్కడ చూసినా చెబుతున్నారు. మూడు కిలోల కాయలకు ఎంత ఐస్ కావాలి? మా ఫ్రిజ్‌లో రెండు ట్రేలకే చోటుంది.


నిదానం
శనివారం, రాత్రి 10.30

వేరే వంటకాలు ఉన్నాయి కాబట్టి మనిషికి వంద గ్రాములు చాలు. మూడు కిలోలు. తొడిమలు, మచ్చలు ఉన్నవి పోగా రెండు కిలోల ఏడువందలు మిగులుతుంది.

ఐస్ లెక్క సులువే. మరిగే నీళ్ల నుంచి తీసిన కాయలను బాగా చల్లార్చాలంటే దాదాపు వాటి బరువంత ఐస్ కరగాలి. మూడు కిలోలకు మూడు కిలోలు. కానీ అంత అక్కర్లేకుండా ఒక ఉపాయం ఉంది. వార్చిన వెంటనే చిల్లుల గిన్నెలోనే కుళాయి కింద నిమిషం పాటు చేత్తో కలుపుతూ తడపండి. వేడిలో మూడింట రెండు వంతులు కుళాయి నీళ్లే లాగేస్తాయి. ఆ తర్వాత ఐస్ నీళ్లలో ముంచితే కిలో ఐస్‌తో పని అయిపోతుంది. చల్లారగానే తీసేయాలి, నానబెడితే ఉప్పూ రుచీ నీళ్ల పాలు.

ఇక అందరూ దాటేసే ఘట్టం ఆరబెట్టడం. నేను మొదటిసారి చేసినప్పుడు తడి కాయలనే డబ్బాలో పెట్టి మూత బిగించాను. మర్నాడు వేడి నూనెలో వేస్తే చిటపటలు తప్ప వేగింది లేదు, మళ్లీ ఉడికాయి. ఇప్పుడు పాత నూలు దుప్పటి పరిచి, కాయలన్నీ ఒకే వరుసగా పోసి, పైన ఇంకో గుడ్డ కప్పి, పసిపిల్లాడి తల తుడిచినట్టు తుడుస్తాను. ఫ్యాను కింద అరగంట. చేత్తో ముడితే పొడిగా, చల్లగా, కాగితంలా తగలాలి. తర్వాత అడుగున పొడిగుడ్డ వేసిన డబ్బాలో ఫ్రిజ్‌లోకి. ముందు రోజు సాయంత్రమే ఇంత పని అయిపోతుంది.


గరిటెజాణ
ఆదివారం, ఉదయం 7.50

ఐస్ లేకపోయినా కొంప మునగదు. నేను వార్చిన కాయలను నేరుగా గుడ్డ మీద పలచగా పరిచి ఫ్యాను పెడతాను. ఆవిరి పోతూ పోతూ తడిని కూడా తీసుకుపోతుంది. నీళ్లలో ముంచిన కాయకన్నా రుచి చిక్కగా ఉంటుంది. అర నిమిషం ముందే దించుకోవాలి, అంతే.


నిదానం
ఆదివారం, ఉదయం 8.15

అరకిలోకి మీ పద్ధతే మేలు, ఒప్పుకుంటాను. మూడు కిలోలు పలచగా పరవాలంటే హాలు సగం కావాలి. గుట్టగా పోస్తే నడుమ ఉన్నవి తమ వేడిలో తామే ఉడుకుతాయి.


వంకాయ తొడిమ
ఆదివారం, ఉదయం 9.30

సోడాకు చీవాట్లు పడ్డాయి కాబట్టి ఇంకో సోమరి ప్రశ్న. గడ్డకట్టించిన బీన్స్ సంచులు తెస్తే ఏమవుతుంది?


లిట్మస్
ఆదివారం, ఉదయం 10.00

ఇది సోమరి ప్రశ్న కాదు. గడ్డకట్టించే ముందే వాటిని ఓసారి వేడినీళ్లలోనో ఆవిరిలోనో ఉడికించి ఉంటారు, లేకపోతే ఎంజైములు ఫ్రీజర్‌లో కూడా నెమ్మదిగా రుచినీ రంగునీ చెడగొడతాయి. కాబట్టి మళ్లీ ఉడికించడం అనవసరం. కరగనివ్వకుండా, బాగా కాలిన మూకుట్లో కొద్దికొద్దిగా వేయాలి. రంగు బాగుంటుంది. కరకర ఉండదు, ఎందుకంటే మంచు పలుకులు లోపలి కణాలను చీల్చేస్తాయి. డబ్బా బీన్స్ సంగతి వేరు. వాటిని మూసిన డబ్బాలోనే నీళ్లు మరిగే వేడిని మించిన వేడిలో ఉడికిస్తారు, అందుకే వాటికి ఎప్పుడూ నాచు రంగే.


మూకుడు మామ
ఆదివారం, ఉదయం 11.20

సంచుల మాట వదిలేయండి, విందుకు తాజావే తేవాలి. కొనేటప్పుడు ఒకటి విరిచి చూడండి. టప్పుమని విరగాలి, విరిచిన చోట తడి కనిపించాలి. పైనుంచే గింజలు ఉబ్బి కనిపిస్తుంటే ముదురు, తేవద్దు. మరీ ముందుగా కొని ఫ్రిజ్ అడుగున పడేయకండి, ఎక్కువ చలికి ఈ కాయ తుప్పు మచ్చలు పడుతుంది. రెండు రోజుల ముందు చాలు.


కరకర
ఆదివారం, మధ్యాహ్నం 12.40

కాయల ఈనె మాట కూడా అడగండి. మా నాయనమ్మ ఒక్కో కాయకు రెండు పక్కలా ఈనె లాగేది. ఇప్పుడు సగం కాయలకు ఈనే ఉండదు. 1894లో కాల్విన్ కీనీ అనే ఆయన ఈనె లేని రకాన్ని తీశాడు, మన బొటనవేళ్లకు విశ్రాంతి అప్పటి నుంచే. పేరుకు ఫ్రెంచ్ బీన్స్ అంటాం కానీ పుట్టిల్లు అమెరికా ఖండాలు.

అయినా నాలుగైదు కాయలు విరిచి లాగి చూడండి. ఈనె వచ్చిందంటే మాత్రం మూడు కిలోలూ కూర్చుని తీయాల్సిందే. కబుర్లు చెప్పే మనిషి ఒకరు పక్కన ఉంటే గంట పని.


పందిరినీడ
ఆదివారం, రాత్రి 9.00

ఉడకబెట్టడం అర్థమైంది. ఇక రుచి సంగతి చెప్పండి. రోజూ చేసుకునే వేపుడులా కాకుండా, విందులో పెట్టదగ్గట్టు ఉండాలి. మరీ హంగామా వద్దు.


గరిటెజాణ
సోమవారం, ఉదయం 6.40

వెన్న, బాదం, వెల్లుల్లి. నాలుగోది అక్కర్లేదు.

మూడు కిలోలకు నూటయాభై గ్రాముల వెన్న, రెండొందల గ్రాముల బాదం పలుకులు, పన్నెండు వెల్లుల్లి రెబ్బలు. వెన్నను అడుగు తెల్లగా కనిపించే గిన్నెలో సన్నసెగ మీద కరిగించండి. మొదట చిటపటమంటుంది, అది వెన్నలోని నీరు. ఆ చప్పుడు నెమ్మదించాక నురగ పైకి లేస్తుంది. గరిటెతో నురగను పక్కకు తోసి అడుగు చూస్తూ ఉండండి. పాల పలుకులు మొదట ఇసుక రంగుకు, తర్వాత ఇటుక పొడి రంగుకు వస్తాయి, వేయించిన పప్పుల వాసన గుప్పుమంటుంది. ఆ క్షణంలో దించి వేరే గిన్నెలోకి ఒంపేయాలి. అదే గిన్నెలో వదిలితే ఆ వేడికే మాడుతుంది. పావు నిమిషం తేడా, అంతే. నేను ఫోను ఎత్తి రెండుసార్లు మాడ్చాను, ఇప్పుడు ఫోను ఇంకో గదిలో పెడతాను.

వెల్లుల్లి సన్నగా చీల్చి, దించిన వెన్నలో వేస్తే సరి, ఆ వేడికే మగ్గుతుంది. బాదం విడిగా వేయించి, చల్లారాక గాలి తగలని డబ్బాలో.


తులసికోట
సోమవారం, ఉదయం 8.25

ఒక్క మనవి. బాదం పడనివాళ్లు ఎవరైనా ఉన్నారేమో ముందే కనుక్కోండి. మా పిల్లకు పడదు. విందుల్లో అన్నిటి మీదా పలుకులు చల్లి ఉంటే అది ఉత్తి అన్నం తిని లేస్తుంది. పలుకులను చిన్న గిన్నెలో, వేరే చెంచాతో పక్కన పెడితే ఎవరికి కావాల్సింది వాళ్లు వేసుకుంటారు. కరకర కూడా పోదు.


మూకుడు మామ
సోమవారం, ఉదయం 9.10

మంచి మాట. వేయించిన ఉల్లిపాయలకూ అదే సూత్రం. వేడి కాయల మీద ముందే చల్లితే ఆవిరికి మెత్తబడి తోలులా సాగుతాయి.


చిలకపచ్చ
సోమవారం, సాయంత్రం 6.00

ఇంత అవస్థ ఎందుకండీ? రంగు గొడవే లేని వంటకం ఉంది కదా. పుట్టగొడుగుల సూప్‌లో బీన్స్ కలిపి, పైన వేయించిన ఉల్లిపాయలు పరిచి ఓవెన్‌లో పెట్టే క్యాసరోల్. 1955లో క్యాంప్‌బెల్ సూప్ కంపెనీలో డోర్కస్ రైలీ తయారుచేసింది. చిక్కటి తెల్ల సాస్‌లో కాయ ఏ రంగులో ఉందో ఎవరూ చూడరు, అరగంట దాకా వేడి తగ్గదు.


గరిటెజాణ
సోమవారం, సాయంత్రం 6.35

వేడి నిలుస్తుంది, నిజమే. కానీ అందులో నాకు సూప్ రుచి తప్ప బీన్స్ రుచి ఎప్పుడూ దొరకలేదు. పైగా దానికి అక్కడ అరగంట ఓవెన్ కావాలి. ఆవిడకు దొరికేది పది నిమిషాలు.


పందిరినీడ
మంగళవారం, రాత్రి 9.40

సరే, ఇదీ నా పథకం. శనివారం సాయంత్రం ఆరు వాయిలుగా ఉడికించి, కుళాయి, ఐస్, దుప్పటి, ఫ్రిజ్. వెన్న కూడా రాత్రే సిద్ధం. ఆదివారం పొద్దున ఇంట్లోనే వేడిచేసి, నిమ్మరసం పిండి, అల్యూమినియం రేకు కప్పి కారులో పెట్టుకుని బయలుదేరతాను. వెళ్లగానే వడ్డన. బాగుందా?


లిట్మస్
మంగళవారం, రాత్రి 10.05

చివరి వాక్యం దాకా బాగుంది. వేడి కాయలు, నిమ్మరసం, పైన రేకు, నలభై నిమిషాలు. నాచు రంగు కోసం ఎవరైనా ప్రయోగం చేయదలిస్తే సరిగ్గా ఇలాగే చేయాలి. ఆమ్లమూ వేడీ రెండూ మీరే ఇస్తున్నారు, పైగా ఆవిరిని బయటికి పోనివ్వడం లేదు.

నిమ్మ వాసన కావాలంటే పసుపుపచ్చ తొక్కును సన్నగా తురిమి కలపండి, దాని వాసన నూనెలో ఉంది, పులుపులో లేదు. రసం మాత్రం విస్తరి దగ్గరే. ముక్కలు కోసి పక్కన పెట్టండి.


నిదానం
మంగళవారం, రాత్రి 10.30

చల్లగా తీసుకెళ్లండి, అక్కడ వేడి చేయండి. ఫ్రిజ్ నుంచి తీసి, కింద ఐస్ సంచి పెట్టిన డబ్బాలో సర్దుకుంటే రంగు చెడదు, కాయా చెడదు. ఉడికిన పదార్థం 5 నుంచి 60 డిగ్రీల మధ్య గోరువెచ్చగా రెండు గంటలకు మించి ఉండకూడదు. ఇంట్లో వేడిచేసి, దారిలో నలభై నిమిషాలు, అక్కడ అందరూ చేరేదాకా ఇంకో గంట... మీరే లెక్కేసుకోండి.

పది నిమిషాల పొయ్యి సరిగ్గా సరిపోతుంది. వెడల్పాటి మూకుడు మీ ఇంటి నుంచే తీసుకెళ్లండి. పొగ లేవబోయేంత కాలాక సగం కాయలు, సగం వెన్న. రెండు నిమిషాలు కదపకుండా వదిలితే అక్కడక్కడ గోధుమ చుక్కలు పడతాయి, ఆ తర్వాత తిప్పి ఇంకో నిమిషం. పళ్లెంలోకి తీసి రెండో సగం. మొత్తం ఒకేసారి వేస్తే శుక్రవారం కథే మళ్లీ.


పందిరినీడ
ఆదివారం, రాత్రి 10.50

ఇప్పుడే ఇల్లు చేరాను. కాళ్లు లాగుతున్నాయి, అయినా రాయకుండా పడుకోలేకపోయాను.

శనివారం ఆరు వాయిలకు యాభై నిమిషాలు పట్టింది. మూడో వాయి నుంచి చెయ్యి తిరిగింది. లిట్మస్‌గారు చెప్పిన ఆ మెరుపు చూడడానికి మా ఆయన్నీ పిలిచాను. ఆయన మొత్తం ఆరు వాయిలూ నిలబడి చూశారు, రెండు పనులు కూడా చేశారు. దుప్పటి మీద ఆరబెట్టిన కాయలు తెల్లారి ఫ్రిజ్‌లోంచి తీస్తే కోసినప్పటికన్నా పచ్చగా ఉన్నాయి.

వెన్న మాడింది. నురగ పక్కకు తోశాను, ఇటుక రంగు చూశాను, గిన్నె దించాను, కానీ వేరే గిన్నె తీసి పెట్టుకోలేదు. అది వెతికేలోపు అడుగు నల్లబడింది. రెండోసారి చేసింది కుదిరింది.

పెద్దమ్మగారింట్లో పొయ్యి ఎనిమిది నిమిషాలే దొరికింది. రెండు దఫాలుగా వేయించి రెండు పళ్లాల్లో సర్దాను. పలుకులు, నిమ్మ ముక్కలు విడి గిన్నెల్లో. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి పెద్దమ్మ "పులుపు వేయడం మరిచిపోయావే అమ్మాయ్" అంటూ ఒక పళ్లెం మీద నిమ్మ ముక్కలన్నీ వరుసగా పిండేస్తోంది. ఆవిడను ఆపేంత ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

పావుగంట తర్వాత రెండు పళ్లాలూ పక్కపక్కన చూస్తే పాఠం చెప్పడానికి పెట్టినట్టున్నాయి. ఒకటి పచ్చ, ఒకటి నాచు.


లిట్మస్
ఆదివారం, రాత్రి 11.05

ఫొటో తీశారా? పిల్లలకు చూపిస్తాను.


వంకాయ తొడిమ
ఆదివారం, రాత్రి 11.20

ఏ పళ్లెం ముందు ఖాళీ అయింది?


పందిరినీడ
సోమవారం, ఉదయం 6.15

ఫొటో తీయలేదు సార్, చెయ్యంతా వెన్న. తొడిమగారూ, అడుగుతారని తెలుసు. పెద్దమ్మ పిండినదే. పక్కనే నిలబడి అందరికీ ఆవిడే వడ్డించింది మరి.